శ్రీమతి ట్రెథిక్ ఎక్కడున్నా రావలెను

నాన్న బుధవారం పత్రికలో ఆ ప్రకటన మూడోసారి చదివేసరికి బల్ల మీద మాంసం కూరిన పాస్టీలు మూడూ చల్లారిపోయాయి.

"సాల్ట్ కార్నర్ వాస్తవ్యురాలు శ్రీమతి థామసీన్ ట్రెథిక్ గారు ఎక్కడున్నా తక్షణమే మా ఊరు వీల్ ప్రాస్పర్ రావలెను. బండి ఖర్చులు, బస, భోజనం, డజను సీసాల జ్వరాంతకం మావి. ఒక పసివాడి ప్రాణం మీ చేతిలో ఉన్నది. ఇట్లు, జాబెజ్ ఆంగోవ్, మందుల దుకాణం, చాపెల్ వీధి."

చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పసివాడి ప్రాణం అన్న ముక్క పెద్దక్షరాల్లో వెయ్యమన్నాడట. వేశారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో తృప్తి చూసి నేను నా పాస్టీ పక్కకి తోశాను.

అమ్మ నా వైపు చూసింది. నేను ఉప్పు గిన్నె వైపు చూశాను. పాపం, ఉప్పు గిన్నెకి చూసుకోడానికి ఎవరూ లేరు.

థామసీన్ ట్రెథిక్ ఎక్కడుందో సముద్రాలు దాటి మావాళ్ళు వలసొచ్చిన ఈ కాలనీ మొత్తంలో ఇద్దరికే తెలుసు. నాకు తెలుసు. అమ్మ పసిగట్టింది. ఆవిడ ఎక్కడా లేదు.

డిసెంబర్లో, అంటే ఈ దేశంలో ఎండాకాలం మొదట్లో, ఒక మధ్యాహ్నం, దుకాణం వెనక గదిలో, దస్తూరీ తెలియకుండా ఎడమ చేత్తో ఆవిణ్ణి నేనే పుట్టించాను. నాన్న పదకొండేళ్ళుగా జ్వరాంతకం అమ్ముతున్నాడు. పదకొండేళ్ళలో ఒక్క మనిషి వచ్చి బాగుందనలేదు. బిరడా ఊడిరాలేదని మాత్రం నాలుగు వందల మంది వచ్చారు. ఆయన్ని కాసేపు మురిపించి, సాయంత్రానికి నిజం చెప్పి నవ్వుకుందామని ఉత్తరం రాసి, సాల్ట్ కార్నర్ వైపు వెళ్ళే బండివాడికిచ్చి అక్కణ్ణించి పోస్టు చేయించాను.

ఉత్తరంలో థామసీన్ ట్రెథిక్‌కి ఏడుగురు పిల్లలు. ఏడుగురికీ ఒకేసారి జ్వరం. డాక్టరు చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. వడ్రంగి వచ్చి ఏడుగురికీ శవపేటికల కొలతలు తీసుకున్నాడు. ఏడు కొలతలు ఒకేసారి ఇస్తున్నారని ఒకదానికి సగం ధర తగ్గించాడు కూడా. అప్పుడా తల్లి గంటకి మూడు చెంచాల చొప్పున జ్వరాంతకం పట్టింది. తెల్లారేసరికి ఆరుగురు లేచి ఇల్లు ఊడ్చారు. ఏడోవాడు లేచి పాస్టీ అడిగాడు.

ఇది చదివితే రాళ్ళు కూడా నవ్వుతాయనుకున్నాను.

నాన్న నవ్వలేదు. నిలబడి చదివాడు, కూర్చుని చదివాడు, మళ్ళీ నిలబడి ఏడ్చాడు. అమ్మని పిలిచి చదివించాడు. సాయంత్రానికి ఆ ఉత్తరం బ్యూగిల్ పత్రిక ఆఫీసులో ఉంది. ఆపమని చెప్పేదాకా ప్రతి సంచికలోనూ వేయండని కాగితం మీద సంతకం పెట్టి వచ్చాడు. గంటకి మూడు చెంచాలన్నది మార్చమంటారా అని గుమాస్తా అడిగితే, ఒక తల్లి మాట దిద్దడానికి నేనెవణ్ణి అన్నాడట. సీసా మీద చీటీ మాత్రం పాతదే. పెద్దవాళ్ళకి, పడుకునే ముందు, ఒక్క చెంచా.

ఎందుకంటే అందులో బెల్లం పాకం, అల్లం, మిరియాలతో పాటు నల్లమందు కూడా ఉంది.

మా ఊళ్ళో అందరూ చాపెల్‌కి, అంటే మా ప్రార్థనామందిరానికి, వెళ్ళే మనుషులు. వారంవారం అక్కడ జరిగే క్లాసులో ఒక్కొక్కరే లేచి, ఆ వారం తమ ఆత్మ ఎలా గడిచిందో అందరి ముందూ సాక్ష్యం చెప్పేవాళ్ళు. ఒక తల్లి తన పేరు పెట్టి, ఊరి పేరు పెట్టి, పిల్లల లెక్కతో సహా అచ్చులో చెప్పిన మాట అబద్ధం కావచ్చన్న ఆలోచన వాళ్ళకి రాదు. అప్పుడే ఎండాకాలం ముదిరింది. నేలకింది తొట్లలో నీళ్ళు అడుగంటి పచ్చబడ్డాయి. జ్వరం సందు సందుకీ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. జ్వరాంతకం చేసిన వారం చేసినట్టే అయిపోయింది. పత్రికలో మా ప్రకటన పక్కనే శవపేటికల గిల్బర్ట్ ప్రకటన. చిన్న సైజులు ఎల్లవేళలా సిద్ధం, అని.

ఇప్పుడు జోరీ.

జోరీకి ఆరేళ్ళు. గనిలో పెద్ద అధికారి, మా చాపెల్ క్లాసుకి నాయకుడు అయిన కెప్టెన్ హోస్కింగ్‌కి ఒక్కగానొక్క మనవడు. వాడి తండ్రి రెండేళ్ళ కిందట గనిలోకి దిగి పైకి రాలేదు. తల్లి టెంపరెన్స్‌కి వాడు తప్ప ఎవరూ లేరు. వాడికి జ్వరం వచ్చి తొమ్మిది రోజులైంది. సోమవారం డాక్టరు వచ్చి, సీసా వాసన చూసి, దీన్ని బయట పారబోసి కాచిన నీళ్ళు పట్టమన్నాడు. టెంపరెన్స్ డాక్టర్నే బయటికి పంపింది. బ్యూగిల్ కత్తిరింపు మంచం పైన గోడకి గుచ్చుకుని, గడియారం చూసుకుంటూ, గంటకి మూడు చెంచాలు పోస్తోంది. పిల్లాడు హాయిగా నిద్రపోతున్నాడని అందరికీ చెబుతోందట. లేపినా లేవనంత హాయిగా.

ఏడుగురిలా తన కొడుకు ఎందుకు లేవడంలేదో ఆమెకి అంతుపట్టలేదు. తను ఎక్కడో పొరపాటు చేస్తోందని, ఆ తల్లే వచ్చి చేసి చూపిస్తే లేస్తాడని నాన్న కాళ్ళమీద పడింది. అందుకని ఈ ప్రకటన.

మా ఊళ్ళో పత్రికలో అడిగింది దొరక్కపోవడం అంటూ లేదు. పోయినేడు ఎదురింటివాళ్ళ బూడిదరంగు మేక తప్పిపోయిందని వేస్తే సాయంత్రానికి అయిదు మేకలొచ్చాయి. అందులో ఒకటి నల్లది. చిన్నప్పుడు బూడిదరంగే అని దాని యజమాని ప్రమాణం చేశాడు.

నాకా మేకలు గుర్తొచ్చాయి.

భోజనాలయ్యాక అమ్మ వంటింట్లో నన్ను పట్టుకుంది. గట్టిగా మాట్లాడితే దుకాణంలోకి వినబడుతుందని పళ్ళబిగువున మాట్లాడింది.

"ఇప్పుడే వెళ్ళి చెప్పు."

"చెప్తే నాన్న బతకడమ్మా. ఆ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని పడుకుంటున్నాడు."

"చెప్పకపోతే ఆ పసివాడు బతకడు. ఇద్దరిలో ఎవరు కావాలో నన్నడక్కు."

"నేనే అని నీకెప్పుడు తెలిసింది?"

"చదివిన రోజే," అంది అమ్మ. ఎలాగో చెప్పలేదు. గిన్నెలు తోముతూ, తోమిందే మళ్ళీ తోమింది. కాసేపాగి, తను కూడా ఇన్నాళ్ళూ ఊరుకుందనీ, నాన్న అంత సంతోషంగా ఉండగా చూసి చాలా ఏళ్ళయిందనీ గోడకేసి అంది. నాతో కాదు.

నేను దుకాణంలోకి వెళ్ళాను. నాన్న సీసాలకి చీటీలు అతికిస్తున్నాడు. చెప్పాను. ఎడమ చెయ్యి, బండివాడు, వడ్రంగి, సగం ధర, అన్నీ చెప్పాను. జీవితంలో మొదటిసారి ఒక్క ముక్క కలపకుండా చెప్పాను.

నాన్న చీటీ అంచు బొటనవేలితో నొక్కి, సీసా పక్కన పెట్టాడు.

"దీంట్లో కూడా వేళాకోళమేనా లవ్‌డే?"

"వేళాకోళం అప్పుడాడాను నాన్నా. ఇప్పుడు కాదు."

"ఇది కష్టం పడ్డ మనిషి రాసిన ఉత్తరమమ్మా. నీవల్ల కాదు. నీకేం కష్టం తెలుసని?"

"మొదట్నించి చివరిదాకా అప్పజెప్తాను వినండి."

"ఊళ్ళో ఎవర్నడిగినా అప్పజెప్తారు. పదకొండు వారాల్నించి పత్రికలో వస్తోంది," అని మళ్ళీ చీటీల్లోకి తలవంచాడు.

నేను రాసింది నాకంటే పెద్దదైపోయింది.

గురువారం టెంపరెన్స్ అక్క ఇంటికి వెళ్ళాను. ఆమె తలుపు బెత్తెడు తీసింది. ఆ సందులోంచే అంతా చెప్పాను. లోపలినించి పిల్లాడి ఊపిరి వినపడుతోంది. ఒకటి వచ్చాక రెండోది రావడానికి చాలాసేపు పడుతోంది. అక్క నిద్రలేని కళ్ళతో నన్ను పైనించి కిందిదాకా చూసింది.

"నీ సరదాలకి నా కొడుకు దొరికాడా? గడియారం చూసుకోవాలి, పో," అని తలుపేసింది.

బ్యూగిల్ ఆఫీసుకి వెళ్ళి శనివారం సంచికలోంచి ఉత్తరం, ప్రకటన రెండూ తీసెయ్యమన్నాను. సంతకం పెట్టినవాళ్ళే వచ్చి ఆపమనాలన్నాడు గుమాస్తా. పైగా కిందటి ఈస్టరుకి పాస్టరు గారి గడ్డం బహిరంగ వేలం వేయబడునని ప్రకటన పట్టుకొచ్చింది నువ్వే కదా అన్నాడు. అవును, నేనే. ఆ వేలానికి ముగ్గురొచ్చారు. ఒకాయన బయానా కూడా తెచ్చాడు.

అమ్మ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. తల్లి వద్దన్న ఇంట్లోకి తను బలవంతంగా జొరబడలేనన్నాడట. ఆమె నమ్మే మనిషి ఎవరైనా చెబితే సీసా పారేస్తుంది, అప్పుడు పిలవండి, గుర్రం జీను తియ్యకుండా ఉంచుతానన్నాడట. అంతలా నమ్మే మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. ఆయన మా దుకాణంలో చీటీలు అతికించుకుంటున్నాడు.

శుక్రవారం గిల్బర్ట్ కొడుకు మా వీధిలోంచి సన్నటి పైన్ చెక్కలు మోసుకుపోయాడు. ఎవరికోసమని ఎవరూ అడగలేదు. అందరూ చెక్కల పొడుగు మాత్రం చూశారు.

శనివారం మధ్యాహ్నం అమ్మ మళ్ళీ పాస్టీలు చేసింది. మాంసం, దుంపలు పెట్టి మడిచి, ఎప్పటిలాగే ఒక్కోదానికి ఒక మూల పిండితో పేరులో మొదటి అక్షరం అంటించింది. గనిలోకి పాస్టీ తీసుకెళ్ళే మా వాళ్ళకిది తాతలనాటి అలవాటు. ఎదుటి మూలనించి మొదలుపెట్టి అక్షరం దాకా తింటారు. మధ్యలో పనిమీద వదిలేసి వెళ్ళినా, మిగిలిన ముక్క ఎవరిదో తెలుస్తుంది. చంటిపిల్లలకి కూడా ఇది తెలుసు.

నాన్న తినడంలేదు. సాల్ట్ కార్నర్ బండి ఎన్నింటికి వస్తుందో లెక్కేస్తున్నాడు. అమ్మ ఆయన ఎదురుగా కూర్చుని చెయ్యి చాపింది.

"ఆ ఉత్తరం ఇలా ఇవ్వండి."

నాన్న చొక్కా జేబు మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత తీసి ఇచ్చాడు. మడతల దగ్గర చిరిగిపోయి నాలుగు ముక్కలుగా వచ్చింది. అమ్మ వాటిని బల్లమీద పేర్చి, చివరి ముక్క మీద వేలు పెట్టింది.

"ఇది చదవండి. పైకి చదవండి."

నాన్న చదివాడు. "ఏడోవాడు లేచి పాస్టీ అడిగి, తన పేరున్న మూల ముందు కొరికి, తర్వాత మిగతాది..." అక్కడ ఆగాడు.

"పేరున్న మూలనించి తినే మనిషిని ఎక్కడైనా చూశారా?" అంది అమ్మ.

నాన్న తలెత్తలేదు. చూపు మాత్రం నెమ్మదిగా బల్లమీదుగా నా పళ్ళెందాకా వచ్చింది. నా పాస్టీకి ఎల్ అక్షరం ఉన్న మూల లేదు. అప్పటికే తినేశాను. చిన్నప్పట్నించీ అలాగే తింటాను. ఆ అలవాటు మానమని నాన్న నన్ను ఒక ఆరువేల సార్లయినా కసిరుంటాడు.

బయట నీళ్ళబండి గంట కొట్టుకుంటూ పోయింది.

నాన్న నన్ను తిట్టలేదు. నాలుగు ముక్కలూ ఒకదానిమీద ఒకటి పెట్టాడు. మూడు చెంచాలు అన్న ముక్క పైకి వచ్చింది. దాన్ని బోర్లించాడు.

"గంటకి మూడు," అన్నాడు. "రోజుకి ఎన్ని సీసాలిచ్చాను కెజాయా?"

అమ్మ నా పళ్ళెం తీసేసింది. ఆయన లేచి మేకుకున్న టోపీ తీసుకున్నాడు. నేనే వెళ్ళి టెంపరెన్స్‌కి చెప్తాను, రేపు క్లాసులో లేచి అందరికీ చెప్తాను, అన్నాడు. చెబితే చాపెల్‌లో సభ్యుడని ఇచ్చిన చీటీ చింపేస్తారు. చాపెల్ చీటీ లేనివాడి దుకాణం గడప మా ఊళ్ళో ఎవరూ తొక్కరు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా టోపీ పెట్టుకున్నాడు. ఆ క్షణంలో మా నాన్న నాకు చాపెల్ కంటే ఎత్తుగా కనిపించాడు. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.

అమ్మ పెరటి తలుపు వైపు నడిచింది, డాక్టర్ని పిలవడానికి.

అప్పుడు దుకాణం గంట మోగింది.

కెప్టెన్ హోస్కింగ్ లోపలికి వచ్చాడు. ఆయన నవ్వగా నేను పుట్టాక చూడలేదు. ఇప్పుడు మొహమంతా నవ్వే. గడ్డం కూడా నవ్వుతోంది.

"వచ్చిందయ్యా జాబెజ్," అన్నాడు.

"ఎవరు?"

"ఎవరేమిటయ్యా, ఆవిడే. ట్రెథిక్ గారు. పొద్దున బండిలో దిగింది. తలకి నల్ల బానెట్టు, చేతిలో నీ ప్రకటన. దారి కనుక్కుంటూ కనుక్కుంటూ నేరుగా మా ఇంటికే వచ్చేసింది. జోరీ పక్కన కూర్చుంది. నా కూతురు వారంరోజుల్లో ఇప్పుడే కాస్త కునుకు తీసింది."

అమ్మ పెరటి గుమ్మంలో ఆగిపోయింది. నాకు మళ్ళీ మేకలు గుర్తొచ్చాయి.

కెప్టెన్ చెప్పుకుపోతున్నాడు. ఎంత దొడ్డ మనిషో, ఏడుగురు పిల్లల పేర్లూ వరసగా చెప్పిందట. నేను వాళ్ళకి పేర్లు పెట్టలేదు. రేపు క్లాసులో సాక్ష్యం చెప్పడానికి కూడా ఒప్పుకుందట. జ్వరాంతకం కనిపెట్టిన మహానుభావుణ్ణి కళ్ళారా చూస్తే చాలని అందట. ఊరు ఊరంతా వస్తున్నారు, నువ్వు మొదటి వరసలో కూర్చోవాలి, అన్నాడు.

"అన్నట్టు, మూడు చెంచాలు చాలవంటోంది ఆవిడ. ముదిరిన జ్వరానికి ఆరు పోయాలట. ఇంట్లో సీసా అయిపోయింది. రెండియ్యి, త్వరగా."

నేను నాన్న టోపీ వైపు చూశాను.

ఆయన చెయ్యి టోపీ అంచు మీద ఉంది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత టోపీ తీశాడు. మేకుకి తగిలించాడు. అది సరిగ్గా నిలబడలేదు. మళ్ళీ సరిచేసి తగిలించాడు.

"కెప్టెన్ గారూ," అన్నాను. "ఆవిడ ఎవరో నాకు తెలీదు గానీ, థామసీన్ ట్రెథిక్ మాత్రం కాదు. అలాంటి మనిషే లేదు. ఆ ఉత్తరం నేను రాశాను. అందులో ఉన్నది నల్లమందు. ఇంకొక్క చెంచా పోసినా జోరీ లేవడు."

కెప్టెన్ నన్ను చూశాడు. నాన్నని చూశాడు. నాన్న కాదనలేదు, అవుననలేదు. అప్పుడు కెప్టెన్ హోస్కింగ్ పగలబడి నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. నా జోకుకి ఆయన నవ్వడం అదే మొదలు.

"దీనికి పెళ్ళి చేసెయ్యవయ్యా జాబెజ్," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. "పాస్టరు గారి గడ్డం అయిపోయింది, ఇప్పుడు నా మనవడు."

"నాన్నా," అన్నాను. "చెప్పండి."

నాన్న మాకు వీపు తిప్పి అలమరలోంచి రెండు సీసాలు తీశాడు. పాత బ్యూగిల్ కాగితం చింపి ఒక్కో సీసాకి చుట్టడం మొదలుపెట్టాడు. ఎప్పుడూ చుట్టినట్టే, మూతి దగ్గర రెండు మెలికలు, పురికొస రెండు ముళ్ళు.

నేను పట్టుకొస్తానని చెయ్యి చాపాను. కెప్టెన్ సీసాలు రెండూ తనే చంకలో పెట్టుకున్నాడు.

"నీ చేతికిస్తే దారిలో ఏం చిలిపి పని చేస్తావో," అని నా తల నిమిరి బయటికి నడిచాడు.

గంట మోగి ఆగింది. వెనక పెరటి తలుపు తెరిచి ఉంది. గుమ్మంలో అమ్మ లేదు. కిటికీలోంచి చూస్తే కెప్టెన్ ఎండలో గబగబా వెళుతున్నాడు. డాక్టరు ఇల్లు ఊరికి ఆ చివర.

నేను గుమ్మం దాటబోతుంటే వెనకనించి నాన్న మాట వినపడింది. ఎంత చిన్నగా అన్నాడంటే, నన్ను అడిగాడో, బల్లమీద బోర్లించి ఉన్న ఉత్తరాన్ని అడిగాడో తెలీలేదు.

"ఆవిడ వచ్చింది కదా లవ్‌డే? వచ్చిందన్నాడు కదా?"